ఎమ్మెస్సీ ఆడియాలజీకి ఫీజు సాయం ఎక్కడ దొరుకుతుంది? గుంటూరు, విజయవాడ వాళ్ళు చెప్పండి

మిర్చియార్డ్_నాన్న
అందరికీ నమస్కారం. మాది గుంటూరు. యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తాగా చేస్తున్నాను. మా పెద్దమ్మాయి బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యల మీద డిగ్రీ) పూర్తి చేసింది, ఇంటర్న్‌షిప్ కూడా అయిపోయింది. ఇప్పుడు ఎమ్మెస్సీ ఆడియాలజీ చేస్తానంటోంది. పక్క రాష్ట్రంలో ఒక ప్రైవేటు కాలేజీలో సీటు వచ్చింది. ఏడాదికి రెండు లక్షల డెబ్భై వేలు, హాస్టల్ వేరే. మైసూరులో ఐష్ అని వినికిడి, మాట సమస్యల కేంద్ర సంస్థ ఉంది, దాని ఎంట్రన్స్ కూడా రాసింది కానీ ఫలితం ఇంకా రాలేదు. ఇక్కడేమో వారం లోపల మొదటి టర్ము కట్టకపోతే సీటు పోతుందంటున్నారు.

మేము బీసీ. చిన్నోడికి ఇంజినీరింగులో ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తోంది. అలాగే అమ్మాయి పీజీకి కూడా వస్తుందనుకున్నాను. ఒకరు వస్తుందంటారు, ఇంకొకరు రాదంటారు. బ్యాంకుకి వెళ్తే "ఆడియాలజీనా, రేడియాలజీనా?" అని అడిగి, మేనేజర్ లేరు తర్వాత రమ్మన్నారు. దారి తెలిసినవాళ్ళు చెప్పగలరు.

సూర్యారావుపేట_ఆడియో
అంకుల్, నమస్తే. నేను విజయవాడలో ఆడియాలజిస్టుని. ముందు ఒక్క మాట. ఈ కోర్సుకి వచ్చే పెద్ద సాయం స్కాలర్‌షిప్ కాదు, సీటే. మైసూరు ఐష్ కేంద్ర ఆరోగ్య శాఖ కింద ఉంది. ఫీజు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ, పైగా ఎమ్మెస్సీ పిల్లలకి నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. ముంబయిలో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ కూడా కేంద్రానిదే, దానికి మన సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇలాంటి చోట సీటు వస్తే మిగతా తలనొప్పులు సగం తగ్గుతాయి. అందుకని ఐష్ ఫలితం వచ్చేదాకా ఆ ప్రైవేటు సీటుని ఎలా పట్టుకోవాలో చూడండి. దాన్నే ఖాయం చేసుకుని కూర్చోవద్దు.

ఇంకోటి. ఆ ప్రైవేటు కాలేజీకి ఆ కోర్సు మీద ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, అనుమతి ఉందా? ఆర్‌సీఐ వెబ్‌సైట్లో అనుమతి ఉన్న కాలేజీల జాబితా ఉంటుంది, ఏ కోర్సుకి ఏ ఏడాది దాకా అని కూడా రాసి ఉంటుంది. మీ అమ్మాయి చేరే బ్యాచ్ ఆ గడువు లోపల ఉండాలి. లేకపోతే ఎన్ని లక్షలు పోసినా ఆ డిగ్రీ రిజిస్ట్రేషన్‌కి ఎక్కదు. బ్యాంకు కూడా ఆ కాగితమే అడుగుతుంది.

మిర్చియార్డ్_నాన్న
ధన్యవాదాలమ్మా. ఆర్‌సీఐ సంగతి అమ్మాయి చూసింది, అనుమతి ఉంది. కానీ సీటు పట్టుకోవాలంటే డబ్బు కట్టాలి కదా. కట్టాక ఐష్‌లో వస్తే ఆ డబ్బు పోయినట్టేనా?

బ్రాడీపేట_లెక్చరర్
పోదు సార్. 2018 అక్టోబరులో యూజీసీ ఫీజు వాపసు మీద నోటిఫికేషన్ ఇచ్చింది. అడ్మిషన్ల చివరి తేదీ అని కాలేజీ ప్రకటించినదానికి 15 రోజులో అంతకంటే ముందో మానేస్తే మొత్తం వెనక్కి ఇవ్వాలి. ప్రాసెసింగ్ కింద 5 శాతం దాకా పట్టుకోవచ్చు, అదీ 5,000 మించకూడదు. చివరి తేదీకి 15 రోజుల లోపు అయితే 90 శాతం. చివరి తేదీ దాటి 15 రోజుల లోపు అయితే 80. ఆ తర్వాత 30వ రోజు దాకా 50. నెల దాటితే ఏమీ రాదు. అందుకని మొదట ఆ కాలేజీ చివరి తేదీ ఎప్పుడో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర పెట్టుకోకూడదని కూడా ఆ నోటిఫికేషన్లోనే ఉంది. చూసి, జిరాక్సులు తీసుకుని, ఇచ్చేయాలి. "మా దగ్గర సేఫ్‌గా ఉంటాయండీ" అని తీయగా చెప్తారు. వినకండి.

జ్ఞానభూమి_డెస్క్
నేను వార్డు సచివాలయంలో పనిచేస్తాను. రోజుకి నలుగురైనా ఇదే ప్రశ్నతో వస్తారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఇంజినీరింగు తమ్ముడికి వస్తోంది కాబట్టి పీజీ అక్కకి వస్తుందనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్ళని రీయింబర్స్‌మెంట్ నుంచి తీసేశారు. దాని మీద ఎంత గొడవ జరిగిందో మీకు తెలుసు, ఎన్నికల్లో కూడా అది పెద్ద మాటే అయింది. పైగా మీ అమ్మాయిది బయటి రాష్ట్రం ప్రైవేటు కాలేజీ. ట్యూషన్ ఫీజు జ్ఞానభూమి (మన రాష్ట్ర స్కాలర్‌షిప్పుల పోర్టల్) నుంచి వస్తుందన్న నమ్మకంతో మాత్రం సంతకాలు పెట్టకండి. వస్తే అది బోనస్ అనుకోండి.

హాస్టల్ ఖర్చుల కింద వసతి దీవెనలో డిగ్రీ, ఆపైన చదివేవాళ్ళకి ఏడాదికి 20,000 ఇచ్చేవారు, పాలిటెక్నిక్‌కి 15,000, ఐటీఐకి 10,000. మీ చిన్నోడికి రీయింబర్స్‌మెంట్ రాసుకునేటప్పుడు 75 శాతం హాజరు నిబంధన గుర్తుంచుకోండి. బయోమెట్రిక్ పడలేదని ఆగిపోయినవాళ్ళు మా డెస్క్ దగ్గర వరసలో ఉంటారు.

కృష్ణలంక_తమ్ముడు
ఇక్కడ ఒకటి కలపాలి. నేను ఎస్సీ, బయటి రాష్ట్రంలో ఆరోగ్య కోర్సులో పీజీ చేస్తున్నాను. ఎస్సీ పిల్లలకి కేంద్ర పోస్ట్ మెట్రిక్ పథకం వేరు. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు ఉండాలి. చదువు ఎక్కడైనా సరే, మన సొంత రాష్ట్రమే ఇవ్వాలి. కేంద్రం 60, రాష్ట్రం 40 వాటా. డిగ్రీ, పీజీ ప్రొఫెషనల్ కోర్సులు మొదటి గ్రూపు, అందులో హాస్టల్ పిల్లలకి ఏడాదికి 13,500, ఇంటి నుంచి వెళ్ళేవాళ్ళకి 7,000 అకడమిక్ అలవెన్సు. డబ్బు నేరుగా ఆధార్‌కి లింకైన ఖాతాలో పడుతుంది.

చిక్కంతా బయటి కాలేజీ మన పోర్టల్లో ఉందా లేదా అనే దగ్గర. లేకపోతే కాలేజీ వాళ్ళ చేత నమోదు చేయించాలి. వాళ్ళకి మన పిల్లలు ఒకరో ఇద్దరో ఉంటారు, అంత శ్రద్ధ పెట్టరు. నేను స్కాలర్‌షిప్ సెక్షన్ క్లర్కు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆయన టైపు చేస్తుంటే కాలేజీ కోడు, కోర్సు కోడు, కోర్సు ఎన్నేళ్ళు అన్నీ నేనే చదివి వినిపించాను. కోర్సు పేరు దగ్గర "ఇతరములు" అని కొట్టబోయాడు. ఆపి, జాబితాలో కిందిదాకా వెతికించాను. ఆ "ఇతరములు" పడితే గ్రూపు మారి అలవెన్సు తగ్గిపోతుంది.

జ్ఞానభూమి_డెస్క్
శభాష్ తమ్ముడూ. ఆ "ఇతరములు" వల్ల వెనక్కి వచ్చిన దరఖాస్తులు నేను చాలా చూశాను.

పటమట_పీజీ
బీసీ, ఓసీ అని తేడా లేకుండా మార్కుల మీద ఇచ్చేది ఒకటుంది. యూజీసీ వాళ్ళ పీజీ జాతీయ స్కాలర్‌షిప్. నెలకి 15,000, ఏడాదికి 10 నెలలు, దేశం మొత్తం మీద 10,000 మందికి. 30 శాతం అమ్మాయిలకి. వయసు 30 లోపు, రెగ్యులర్ కోర్సు. మునుపు ఒక్కతే ఆడపిల్ల ఉన్న ఇళ్ళకి ఇచ్చే ఇందిరా గాంధీ పీజీ స్కాలర్‌షిప్ ఇందులోనే కలిసిపోయింది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో వేయాలి. ముందు ఓటీఆర్, అంటే ఆధార్‌తో ఒకసారి నమోదు. ముఖం స్కాన్ చేసే యాప్ ఉంటుంది, వెలుతురు సరిగ్గా లేకపోతే తీసుకోదు. చివరి రోజు రాత్రి పదింటికి కూర్చుంటే సర్వర్ ముందు ఏడవాల్సిందే.

కొత్తపేట_నిజం
ఎవరూ అడగట్లేదు కాబట్టి నేను అడుగుతా. ఇంత అప్పు చేసి ఆడియాలజీ దేనికండీ? మెషీను పెట్టి బీప్ వినిపిస్తే చెయ్యెత్తమనడమేగా. డిగ్రీతో ఏదో క్లినిక్కులో చేరితే పోలా.

సూర్యారావుపేట_ఆడియో
కొత్తపేట సార్, ఆ బీప్ పరీక్ష మా పనిలో మొదటి పావుగంట. బీప్ వింటే చెయ్యెత్తలేని నెలల పిల్లల సంగతేంటి? నిద్రపుచ్చి, నుదుటి మీదా చెవుల వెనకా ఎలక్ట్రోడ్లు అతికించి బెరా అనే పరీక్ష చేస్తాం. తెర మీద వచ్చే గీతల్లో అయిదో అల ఎక్కడిదాకా నిలబడిందో చూసి ఆ బిడ్డకి ఎంత వినపడుతోందో చెప్పాలి. ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కాక్లియర్ ఇంప్లాంట్, అంటే చెవి లోపల అమర్చే వినికిడి పరికరం, వేయించుకున్న పిల్లలకి ఆపరేషన్ అయ్యాకే అసలు పని మొదలవుతుంది, బిడ్డకి తగ్గట్టు ఆ పరికరాన్ని సరిచేసే మ్యాపింగ్, ఆ తర్వాత థెరపీ. జిల్లా సత్వర చికిత్స కేంద్రాల్లోనూ, చెవుడు నివారణ జాతీయ కార్యక్రమం కిందా ఆడియాలజిస్టు పోస్టులు ఉంటాయి. డిగ్రీతో ఉద్యోగం వస్తుంది, కాదనను. బోధనలోకి, పెద్ద ఆసుపత్రుల్లో ఇంప్లాంట్ విభాగాల్లోకి వెళ్ళాలంటే మాత్రం పీజీ కావాలి.

అయితే మీ మాటలో ఒక ముక్క నిజం ఉంది. డిగ్రీ కాగానే ఆర్‌సీఐ నంబరు తెచ్చుకుని ఒక ఏడాది పనిచేసి, కొంత వెనకేసుకుని పీజీకి వెళ్ళడం తెలివైన పనే. మా దగ్గర చేసిన ఇద్దరు పిల్లలు అలాగే వెళ్ళారు.

గవర్నర్‌పేట_ఫిట్టింగ్
ఆ దారిలో ఒక గుంట ఉంది, జాగ్రత్త. వినికిడి యంత్రాలు అమ్మే ఒక షాపు వాళ్ళు నా పీజీ ఫీజు మొత్తం మేమే కడతామన్నారు. బదులుగా చదువయ్యాక నాలుగేళ్ళు వాళ్ళ దగ్గరే చేయాలి, మధ్యలో మానేస్తే కట్టినదానికి రెట్టింపు. ఒరిజినల్స్ వాళ్ళ బీరువాలో. చదివి చూస్తే నెలకి ఇన్ని యంత్రాలు అమ్మాలన్న టార్గెట్ కూడా ఆ బాండ్లోనే ఉంది. అంటే చెవిలో గుబిలి తీస్తే సరిపోయే పెద్దాయనకి కూడా యంత్రం అంటగట్టాలన్నమాట. నాకు వద్దని లేచి వచ్చేశాను. లోన్ తీసుకున్నాను. వడ్డీ కట్టినా నా సర్టిఫికెట్లు నా ఇంట్లో ఉన్నాయి.

బ్రాడీపేట_లెక్చరర్
మంచి పని చేశారు. స్పాన్సర్ అంటే అంతా చెడ్డది కాదు, కొన్ని ట్రస్టు ఆసుపత్రులు మర్యాదగా ఏడాదో రెండేళ్ళో చేయమంటాయి. టార్గెట్, రెట్టింపు పరిహారం, ఒరిజినల్స్, ఈ మూడింట్లో ఏది కనపడినా లేచి రావాల్సిందే.

ఏలూరురోడ్_రిటైర్డ్
బాబూ మిర్చియార్డ్, నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. ఇక లోన్ సంగతి నేను చెప్తాను, నిదానంగా చదవండి.

మీరు మాటతో వెళ్ళారు కాబట్టి వాళ్ళు మాటతో పంపించారు. విద్యాలక్ష్మి పోర్టల్లో దరఖాస్తు పెట్టుకుని, ఆ నంబరుతో బ్రాంచికి వెళ్ళండి. నంబరు ఉంటే ఫైలు అవుతుంది, ఫైలైతే జవాబు చెప్పాలి. కాదనాలంటే బ్రాంచి మేనేజరు ఒక్కడే కాదనడానికి లేదు, పై అధికారి ఒప్పుకోవాలి. కాదన్న కారణం రాతలో అడగండి. ఆ ఒక్క మాట అడిగితే సగం బ్రాంచీల్లో కుర్చీ ముందుకి జరుగుతుంది.

బ్రాంచికి తీసుకెళ్ళే కాగితాల కట్టలో ఏముండాలంటే, అడ్మిషన్ లెటరు, కోర్సు మొత్తానికీ ఏడాదివారీ ఫీజు వివరం, ఆర్‌సీఐ అనుమతి పేజీ ప్రింటు, అమ్మాయి మార్కుల జాబితాలు, మీ ఇద్దరి ఆధార్, పాన్, మీ ఆదాయం కాగితాలు. ఫీజు వివరంలో హాస్టల్, పుస్తకాలు, పరికరాలు, డిపాజిట్టు కూడా రాయించండి. చాలామంది ట్యూషన్ ఫీజు ఒక్కటే రాయించుకుని తర్వాత హాస్టల్‌కి చేబదులు చేస్తారు. అవీ లోన్లో పెట్టొచ్చు.

నాలుగు లక్షల దాకా తాకట్టు అడగకూడదు. ఏడున్నర లక్షల దాకా ప్రభుత్వ గ్యారంటీ ఫండ్ ఉంది కాబట్టి అక్కడిదాకా కూడా ఇల్లు, పొలం కాగితాలు పెట్టమనాల్సిన పని లేదు. తల్లిదండ్రి సహ రుణగ్రహీతగా సంతకం పెడతారు, అంతే. కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు. కానీ వడ్డీ మాత్రం ఆ రెండుమూడేళ్ళూ పెరుగుతూనే ఉంటుంది. నెలకి వెయ్యో రెండు వేలో వీలైనంత కట్టుకుంటూ పోతే తర్వాత అమ్మాయి జీతం మీద భారం తగ్గుతుంది.

ఇక 2024 నవంబరులో కేంద్రం ఒప్పుకున్న పీఎం విద్యాలక్ష్మి. ఇది మీకు పనికొచ్చేది. ర్యాంకింగుల్లో పైనున్న సుమారు 860 సంస్థలకి వర్తిస్తుంది. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో మొదటి వందలో ఉన్నవి, వాటితోపాటు కేంద్ర ప్రభుత్వ సంస్థలు. ఆ జాబితాలో మీ కాలేజీ ఉంటే తాకట్టూ గ్యారంటీ సంతకమూ లేకుండానే లోన్. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు అయితే 10 లక్షల దాకా లోన్ మీద, వాయిదాలు మొదలయ్యేదాకా 3 శాతం వడ్డీ రాయితీ. ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి ప్రొఫెషనల్ కోర్సు అయితే ఆ కాలపు వడ్డీ మొత్తం ప్రభుత్వమే కట్టే పథకం ఇంకోటుంది, అది వర్తించాలంటే కాలేజీకి న్యాక్ లాంటి గుర్తింపు ఉండాలి. ఒక్కటి చూసుకోండి, మేనేజ్‌మెంట్ కోటా సీటుకి పీఎం విద్యాలక్ష్మి రాదు. మీ అమ్మాయి సీటు ఏ కోటా?

మిర్చియార్డ్_నాన్న
బాబాయ్ గారూ, ఇంత ఓపిగ్గా చెప్పినందుకు దణ్ణాలు. సీటు మెరిట్‌లోనే వచ్చింది, ఇంటర్వ్యూ పెట్టారు. ఆ కాలేజీ యూనివర్సిటీ పేరు ర్యాంకింగుల్లో మొదటి వందలోనే ఉందని అమ్మాయి ఇప్పుడే చూసి చెప్పింది. నాకు ఇంకో సందేహం. ఈ వారంలో లోన్ రాదు కదా. ఇంట్లో ఆవిడ గాజులు పెట్టి మొదటి టర్ము కట్టేసి, తర్వాత బ్యాంకు దగ్గర తీసుకోవచ్చా?

ఏలూరురోడ్_రిటైర్డ్
బ్యాంకు మామూలుగా డబ్బు మీ చేతికివ్వదు, కాలేజీ ఖాతాకే పంపుతుంది. ముందే కట్టిన ఫీజుని రసీదు చూపిస్తే వెనక్కిచ్చే బ్యాంకులున్నాయి, ఇవ్వనివీ ఉన్నాయి. గాజులు తీసే ముందు మీ మేనేజరు చేత ఆ మాట చెప్పించుకోండి. అంతకంటే ముందు, మొత్తం టర్ము కాకుండా సీటు ఖాయం చేసుకునే మొత్తం మాత్రం కట్టనిస్తారేమో కాలేజీకి మెయిల్ పెట్టండి. "లోన్ ప్రాసెస్‌లో ఉంది, దరఖాస్తు నంబరు ఇది" అని రాస్తే చాలా కాలేజీలు గడువిస్తాయి.

వినపడితే_చెప్తా
నేను బీఏఎస్‌ఎల్‌పీ మూడో ఏడాది. నాకే రెండు చెవులకీ యంత్రాలున్నాయి, అందుకే ఈ కోర్సులో చేరాను. మాలాంటివాళ్ళకి పీజీలో ప్రత్యేకంగా ఏమైనా ఉందా?

సూర్యారావుపేట_ఆడియో
ఉందమ్మా. యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డులో వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లోనే దివ్యాంగుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి రాయొచ్చు, ఆదాయ పరిమితి 2.5 లక్షలు. పెద్ద సంస్థల్లో సీటొస్తే టాప్ క్లాస్ పథకం ఉంది, దానికి ఆదాయం 8 లక్షల దాకా పర్వాలేదు. యూడీఐడీ పాత సర్టిఫికెట్ మీద ఉంటే ఇప్పుడే సదరం క్యాంపులో కొత్తది చేయించుకో. పీజీ సీటు వచ్చాక మొదలుపెడితే గడువు దాటిపోతుంది. సీనియర్‌గా ఒక మాట, నీలాంటి ఆడియాలజిస్టు మాకు కావాలి.

డాలస్_తెనాలి
ఇక్కడికి, అంటే అమెరికాకి, రావాలనుకునే పిల్లలు ఎవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం. అమెరికాలో 2007 నుంచి ఆడియాలజీకి మాస్టర్స్ కోర్సులకి గుర్తింపు ఇవ్వడం మానేశారు. ఏయూడీ అని డాక్టరేట్ చేయాలి, మామూలుగా నాలుగేళ్ళు. ప్రభుత్వ లోన్లు ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్ళకి రావు. ఇక్కడి పిల్లలు వాడుకునే గ్రాడ్ ప్లస్ లోన్ కూడా 2026 జులై 1 నుంచి కొత్తవాళ్ళకి లేదు. కాబట్టి డిపార్ట్‌మెంట్ ఇచ్చే అసిస్టెంట్‌షిప్పుల మీద అందరి కళ్ళూ ఉంటాయి. ఎల్‌ఈఎన్‌డీ అనే ప్రభుత్వ శిక్షణ కార్యక్రమం స్టైపెండ్ లాంటివి సిటిజన్లకీ గ్రీన్‌కార్డు వాళ్ళకీ మాత్రమే, వాటి కోసం టైము వృథా చేసుకోవద్దు. ఆషా (ఇక్కడి ఆడియాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టుల సంఘం) ఫౌండేషన్‌కి విదేశీ విద్యార్థుల కోసం విడిగా స్కాలర్‌షిప్ ఉంది, దానికి రాయండి.

టెక్సస్‌లో ఒక వెసులుబాటు ఉంది. ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం వెయ్యి డాలర్లది వస్తే, బయటివాళ్ళ ఫీజు బదులు రాష్ట్రం వాళ్ళ ఫీజు కట్టే అవకాశం ఉంటుంది. వెయ్యి డాలర్ల వల్ల వేలల్లో మిగులుతుంది. అందుకని అడ్మిషన్ ఆఫీసుకి "స్కాలర్‌షిప్ ఉందా" అని కాకుండా "ఫీజు మినహాయింపుకి పనికొచ్చే పోటీ స్కాలర్‌షిప్ ఉందా" అని రాయండి.

కృష్ణలంక_తమ్ముడు
అన్నా, నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మీద ఏయూడీకి రావొచ్చా?

డాలస్_తెనాలి
తమ్ముడూ, అది మాస్టర్స్‌కీ పీహెచ్‌డీకీ. ఏయూడీ ఆ రెండూ కాదు, అక్కడే పేచీ వస్తుంది. నువ్వైతే యూకే చూడు, అక్కడ ఎమ్మెస్సీ ఆడియాలజీ ఉంది, సౌతాంప్టన్ లాంటి చోట్ల. ఆ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కి ఎంపికైతే ట్యూషన్ ఫీజు, విమానం టికెట్, పైన ఏడాదికి 9,900 పౌండ్లు ఖర్చులకి. ఎస్సీలు, సంచార జాతులు, భూమి లేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ వృత్తుల వాళ్ళ పిల్లలకి అది. ఆదాయం 8 లక్షల లోపు, వయసు 35 లోపు, యూనివర్సిటీ క్యూఎస్ ర్యాంకింగులో మొదటి 500లో ఉండాలి. జేఎన్ టాటా ఎండోమెంట్ అని 1892 నుంచీ ఉన్నది ఇంకోటుంది, కానీ అది లోన్ స్కాలర్‌షిప్. తిరిగి కట్టాలి. పేరు చూసి ఉచితం అనుకునేవాళ్ళు ఎక్కువ.

కొత్తపేట_నిజం
సరే, బీప్ మాట వెనక్కి తీసుకుంటున్నా. మా అమ్మకి ఆ పరీక్ష ఎక్కడ చేయిస్తే మంచిది?

సూర్యారావుపేట_ఆడియో
గుంటూరులోనే చేయించుకోవచ్చు సార్. జీజీహెచ్ (ప్రభుత్వాసుపత్రి) ఈఎన్‌టీ ఓపీలో ముందు చూపించండి. యంత్రం కొనే మాట తర్వాత.

మిర్చియార్డ్_నాన్న
అందరికీ చెప్పుకోవాల్సింది ఉంది. కాలేజీకి మెయిల్ పెట్టాం. చివరి తేదీ రాతలో ఇచ్చారు, సీటు ఖాయం చేయడానికి 25,000 కడితే మిగతాదానికి నెల గడువన్నారు. ఆ మేరకి చీటీ డబ్బు ఉంది, గాజులు తీయలేదు. విద్యాలక్ష్మిలో దరఖాస్తు అయింది. ఐష్ జాబితా ఇంకా రాలేదు. వస్తే కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి యశ్వంత్‌పూర్ మీదుగా మైసూరు వెళ్తాం. రాకపోతే లోన్.

జ్ఞానభూమి డెస్క్ గారూ, ఆదాయం సర్టిఫికెట్ నా పేరు మీద తీయించాలా, అమ్మాయి పేరు మీదా? పాతది ఒకటుంది, చిన్నోడి అడ్మిషన్‌కి తీసింది.

జ్ఞానభూమి_డెస్క్
సర్టిఫికెట్‌లో కుటుంబ ఆదాయం అని ఉండాలి. అమ్మాయి పేరు, తండ్రిగా మీ పేరు రెండూ ఆధార్‌లో ఉన్నట్టే పడాలి. ఇంటిపేరు ముందా వెనకా అనేది కూడా చూసుకోండి. పాతది పక్కన పెట్టండి, బ్యాంకు ఈ ఆర్థిక సంవత్సరానిది అడుగుతుంది. రేపు మీ సచివాలయంలో రాసేటప్పుడు కొట్టు ఓనరు దగ్గర జీతం కాగితం పట్టుకెళ్ళండి. వీఆర్వో విచారణకి వచ్చినప్పుడు ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి.